ఫ్లెక్స్ యువర్ హెడ్: విడిపోయిన బ్యాండ్లు మిగిల్చిన రికార్డు

1982 జనవరిలో ‘ఫ్లెక్స్ యువర్ హెడ్’ అనే ఈ హార్డ్‌కోర్ పంక్ (వేగంగా, బిగ్గరగా సాగే రాక్ సంగీతం) రికార్డు బయటికి వచ్చేనాటికి ఇందులో వాయించిన బ్యాండ్లలో పలు బ్యాండ్లు అప్పటికే లేవు. టీన్ ఐడిల్స్ 1980 చివర్లోనే విడిపోయింది. స్టేట్ ఆఫ్ అలర్ట్ గాయకుడు హెన్రీ గార్ఫీల్డ్ 1981లో కాలిఫోర్నియా బ్యాండు బ్లాక్ ఫ్లాగ్‌లో చేరి హెన్రీ రోలిన్స్‌గా పేరు తెచ్చుకోగా, అతను వదిలి వెళ్లిన బ్యాండు కథ అక్కడితో ముగిసింది. వీటన్నిటిలోకీ ఎక్కువ పేరున్న మైనర్ థ్రెట్ కూడా, గిటారిస్టు కాలేజీ చదువుకు వెళ్లడంతో, అప్పటికి ఆగిపోయే ఉంది. కొన్ని నెలల తరువాతే మళ్లీ కలిసింది. వాషింగ్టన్ డీసీ పరిసరాల్లోని 11 బ్యాండ్లు పాడిన 30కి పైగా పాటలను ఒకచోట చేర్చిన ఈ సంకలనం వినేవారు ముందుగా ఈ సంగతి తెలుసుకోవాలి. కనుమరుగైపోతున్న దాన్ని ఆ కుర్రవాళ్లు తమ చేతులతోనే భద్రపరుచుకున్న రికార్డు ఇది.

దీన్ని విడుదల చేసిన డిస్కార్డ్ రికార్డుల సంస్థ పుట్టుక కూడా అలాంటిదే. టీన్ ఐడిల్స్ సభ్యులు ప్రదర్శనల ద్వారా వచ్చిన డబ్బును పంచుకోకుండా దాచిపెట్టారు. బ్యాండు విడిపోయేనాటికి అది సుమారు 600 డాలర్లయింది. ఆ డబ్బుతో ఇయాన్ మెకాయ్, జెఫ్ నెల్సన్ తమ బ్యాండు పాటలు ఎనిమిదింటిని 1,000 ప్రతుల చిన్న రికార్డుగా వేయించారు. అట్టలను మిత్రులతో కలిసి తామే కత్తిరించి, మడిచి, జిగురుతో అంటించారు. ఆ తరువాత వరుసగా చిన్న రికార్డులే తెచ్చిన ఈ సంస్థకు ఏడవ సంఖ్య గల ఈ సంకలనమే మొదటి పూర్తి స్థాయి ఎల్పీ (పెద్ద రికార్డు).

పాటలను బ్యాండుల వారీగా అమర్చడం మంచి నిర్ణయమని నా అభిప్రాయం. ఒక్కో బ్యాండు రెండు మూడు పాటలు, అరుదుగా నాలుగు, పాడి తప్పుకుంటుంది. చాలా పాటలు రెండు నిమిషాలు దాటవు కాబట్టి, ఒక గొంతుకు చెవి అలవాటు పడేసరికి మరో గొంతు అందుకుంటుంది. మొదట వచ్చే టీన్ ఐడిల్స్ పాటల్లో ఒకటి పాలు తాగడం గురించి. వినడానికి అది చిలిపిగా తోచినా, మద్యానికి దూరంగా ఉంటామని ఆ పిల్లలు చేసుకున్న నిర్ణయం దాని వెనుక ఉంది. మద్యం అమ్మే క్లబ్బుల్లోకి మైనర్లను రానిచ్చేందుకు శాన్‌ఫ్రాన్సిస్కోలో, వారికి మద్యం అమ్మకూడదని తెలిసేలా, వారి చేతుల మీద ఇంటూ గుర్తు వేయడం చూసిన ఈ బ్యాండు, ఆ పద్ధతిని తమ ఊరికి తెచ్చింది. క్రమంగా అదే గుర్తు ఒక జీవన విధానానికి చిహ్నమైంది.

రెండవ భాగంలో వచ్చే వాయిడ్ బ్యాండు కోసమైనా ఈ ఆల్బమ్ కొనాలని నేను గట్టిగా చెబుతాను. వీళ్లది వాషింగ్టన్‌కూ బాల్టిమోర్‌కూ నడుమ ఉన్న కొలంబియా పట్టణం. మిగతా బ్యాండ్లలో గిటార్, డ్రమ్స్ ఒకే వేగంతో కలిసి పరుగెడతాయి. ఇక్కడ మాత్రం డ్రమ్స్ ఒక దారిన, బబ్బా డుప్రీ గిటార్ మరో దారిన వెళ్తుంటాయి. చరణం ముగిసిన చోట కూడా గిటార్ ఆగదు, యాంప్ (శబ్దాన్ని పెంచే పెట్టె) నుంచి వచ్చే కీచు ధ్వనిని సాగదీస్తూ తరువాతి చరణంలోకి ఈడ్చుకుపోతుంది. ఆ గందరగోళం మధ్యలో పదాలు అందక గాయకుడు అరుస్తున్నప్పుడు, పాట ఏ క్షణంలోనైనా కూలిపోతుందనిపిస్తుంది. ఎన్నిసార్లు విన్నా నాకు ఆ ఉత్కంఠ తగ్గలేదు. అదే ఏడాది ఫెయిత్ బ్యాండుతో చెరొక వైపు పంచుకుని వీరు చేసిన రికార్డుకు బీజం ఇక్కడే కనిపిస్తుంది.

లోపాలు లేవని చెప్పను. మైనర్ థ్రెట్‌కు రెండే పాటలు దక్కాయి, అందులోనూ ఒకటి ఇంగ్లండ్ బ్యాండు వైర్‌ది. వారి అసలు సత్తా తెలియాలంటే వేరే రికార్డులు వినక తప్పదు. ఐరన్ క్రాస్ పాటలు నన్ను కదిలించలేదు. దాదాపు అందరూ అబ్బాయిలే ఉన్న ఈ గుంపులో రెడ్ సీ బ్యాండు బేస్ వాద్యకారిణి టోనీ యంగ్ ఉనికి ప్రత్యేకంగా వినిపిస్తుంది, ఆ బ్యాండు ఇంకొంత కాలం నిలిచి ఉంటే బాగుండేదనిపిస్తుంది.

వాషింగ్టన్ పక్కనే ఉన్న ఆర్లింగ్టన్‌లో డాన్ జియెంటారా తన ఇంట్లో నడిపిన ఇన్నర్ ఇయర్ స్టూడియో ఈ బ్యాండ్ల శబ్దానికి పుట్టినిల్లు. ఆ రికార్డింగుల్లో నునుపు వెతకకూడదు; గదిలో పక్కనే నిలబడి వాయిస్తున్నట్టుండే దగ్గరితనం మాత్రం దండిగా ఉంది. ఈ సంగీతం కొత్తగా వినేవారు మొదటి పాట నుంచి కాక, నేరుగా వాయిడ్ పాటలతో మొదలుపెట్టి, అవి నచ్చితే వెనక్కి రావడం మేలు. చివరి బ్యాండు డెడ్‌లైన్ దాకా వెళ్లినవారు అక్కడి డ్రమ్స్ కాస్త శ్రద్ధగా వినాలి. వాయిస్తున్న బ్రెండన్ కాంటీ కొన్నేళ్ల తరువాత మెకాయ్‌తో కలిసి ఫుగాజీ అనే బ్యాండులో వాయించాడు.