సర్వర్‌కు రైడ్ కార్డు కొనేవారికి హెచ్చరిక: సీలు కొత్తది, లోపల కార్డు పాతది

సర్వర్‌లో పాడైన రైడ్ కంట్రోలర్ కార్డు (పలు డిస్కులను కలిపి ఒకే నిల్వగా నడిపే కార్డు) స్థానంలో మరొకటి ఆన్‌లైన్‌లో తెప్పించుకోదలచినవారు డబ్బు చెల్లించే ముందు ఈ అనుభవాన్ని చదవవలసిందిగా కోరుతున్నాను. నాసిరకం కార్డు వల్ల పోయేది దాని ధర ఒక్కటే కాదు, దానికి తగిలించిన డిస్కుల్లోని సమాచారం కూడా ప్రమాదంలో పడుతుంది.

మా సర్వర్‌లోని పాత కార్డు పని మధ్యలో తనంతట తానే రీసెట్ అవుతూ, డిస్కులన్నింటినీ ఒకేసారి కనిపించకుండా చేయసాగింది. కేబుళ్లు, స్లాటు మార్చి చూసి లోపం కార్డుదేనని నిర్ధారించుకున్నాక, అదే మోడల్‌ను ‘సరికొత్తది, సీలు తీయనిది’ అని ప్రకటించిన ఒక విక్రేత వద్ద కొన్నాము. సీలు నిజంగానే ఉంది. లోపలి కార్డు మాత్రం వాడేసినది. స్లాటులోకి దిగే బంగారు పూత కాంటాక్టులపై పలుమార్లు బిగించి తీసిన గీతలు స్పష్టంగా కనిపించాయి, హీట్‌సింక్ రెక్కల మధ్య దుమ్ము పేరుకుపోయి ఉంది, బ్రాకెట్ స్క్రూల తలలు అరిగిపోయాయి.

అనుమానం కలిగినందువల్ల దానికి డిస్కులేవీ తగిలించకుండా, పరీక్షల కోసం ఉంచిన వేరొక యంత్రంలో బిగించి చూశాము. అసలు విషయం అక్కడ బయటపడింది. కార్డు మీది స్టిక్కరులో ఉన్న సీరియల్ నంబరు ఒకటైతే, స్టోర్‌సీఎల్‌ఐ అనే కార్డు నిర్వహణ ప్రోగ్రాము ద్వారా ఫర్మ్‌వేర్ (కార్డులోనే ఉండే సాఫ్ట్‌వేర్) చూపించిన నంబరు మరొకటి. కరెంటు పోయినప్పుడు క్యాష్‌లోని (కార్డు మీది తాత్కాలిక మెమరీలోని) డేటాను కాపాడవలసిన కెపాసిటర్ మాడ్యూల్ ‘మార్చవలసి ఉంది’ అన్న స్థితిలో ఉంది; అది పనిచేయనప్పుడు కంట్రోలర్ సాధారణంగా డేటాను ముందు క్యాష్‌లో ఉంచి తర్వాత డిస్కుకు రాసే రైట్‌బ్యాక్ పద్ధతిని వదిలి, డిస్కుకు రాశాకే పని పూర్తయిందని చెప్పే రైట్‌త్రూకు మారిపోతుంది కాబట్టి రాత వేగం బాగా పడిపోతుంది. వీటన్నిటికంటే దాగి ఉండే లోపం మరొకటి ఉంది. ఇది 8 లేన్ల (డేటా దారుల) పీసీఐఈ 3.0 కార్డు; పీసీఐఈ అంటే కార్డును మదర్‌బోర్డు స్లాటుతో కలిపే ప్రమాణం. లైనక్స్‌లో ఎల్‌ఎస్‌పీసీఐ ఆదేశంతో లింకు స్థితిని చూస్తే, 8 లేన్లు పూర్తిగా ఉన్న స్లాటులో కూడా అది 4 లేన్లతోనే కలుస్తోంది. ఒక్కో లేనుకు సెకనుకు దాదాపు 985 మెగాబైట్ల చొప్పున లెక్కిస్తే, 8 గిగాబైట్లకు కాస్త తక్కువగా రావలసినది 4 గిగాబైట్ల లోపే ఆగిపోతుంది. కాంటాక్టులు దెబ్బతిన్న కార్డు ఇలా తక్కువ లేన్లతో సర్దుకుని, ఏ ఎర్రర్ చూపకుండా బూట్ అయిపోతుంది. నాలుగైదు మామూలు హార్డ్ డిస్కులు వాడేవారు ఆ తేడాను ఎన్నటికీ గమనించకపోవచ్చు. ఇటువంటి సరుకు చెలామణి కావడానికి ఇది ఒక ముఖ్య కారణమని నా అభిప్రాయం.

పేరును చూసి నమ్మడం కూడా ఈ కార్డుల విషయంలో కుదరదు. ఇటువంటి కార్డుల చిప్పులు తయారుచేసిన ఎల్‌ఎస్‌ఐ సంస్థను 2014లో అవాగో కొన్నది, ఆ అవాగో 2016లో బ్రాడ్‌కామ్‌ను కొని ఆ పేరునే తాను పెట్టుకున్నది. ఇవి చాలవన్నట్టు సర్వర్ తయారీ సంస్థలు అవే చిప్పులతో తమ సొంత పేరు, సొంత ఫర్మ్‌వేర్ ఉన్న కార్డులను అమ్ముతాయి. ఇన్ని పేర్లు చలామణిలో ఉన్నచోట స్టిక్కరు మార్చి అమ్మేవారికి పని సులువవుతుంది.

విక్రేతకు ఫోన్ చేసినప్పుడు వారి సాంకేతిక సిబ్బంది ఇచ్చిన సలహా నన్ను ఇప్పటికీ కలవరపెడుతోంది. ‘డిస్కులు తగిలించండి, ఫారిన్ కాన్ఫిగరేషన్ అని అడిగితే క్లియర్ నొక్కండి, అన్నీ సర్దుకుంటాయి’ అన్నారు. దయచేసి ఎవరూ అలా చేయవద్దు. రైడ్ అమరిక వివరాలు డిస్కుల మీద కూడా రాసి ఉంటాయి కాబట్టే కొత్త కార్డు వాటిని గుర్తించి ‘ఫారిన్’ (వేరే కార్డు మీద చేసిన అమరిక) అని చూపిస్తుంది. డిస్కులన్నీ కనిపిస్తున్నాయని ప్రివ్యూలో చూసుకుని ఇంపోర్ట్ ఎంచుకోవాలి. క్లియర్ నొక్కితే ఆ వివరాలు చెరిగిపోతాయి, ఆపైన బ్యాకప్ లేనివారు డేటా రికవరీ నిపుణుల చుట్టూ తిరగవలసి వస్తుంది.

సొమ్ము వాపసు అడిగితే ‘సీలు తెరిచారు, స్టాటిక్ విద్యుత్తు వల్ల మీ చేతిలోనే పాడైంది’ అని తిరస్కరించారు. సీలు తెరవకుండా లోపలి కార్డును పరీక్షించే మార్గమేదో మాత్రం చెప్పలేదు. అందువల్ల ప్యాకెట్ విప్పేటప్పుడు మొదటి నుంచీ ఆగకుండా వీడియో తీయండి, స్లాటులో పెట్టకముందే కాంటాక్టులను, సీరియల్ నంబరును దగ్గరగా ఫోటోలు తీయండి, ఆర్డరు ఇచ్చే ముందే సీరియల్ నంబరు ఫోటో అడిగి దానిని తయారీదారు వారంటీ విభాగంతో సరిచూసుకోండి. నంబరు పంపడానికి తటపటాయించే విక్రేత వద్ద కొనకండి. చెల్లింపు కూడా వివాదం లేవనెత్తడానికి వీలున్న పద్ధతిలోనే చేయండి. నేరుగా ఖాతాకు బదిలీ చేస్తే తర్వాత అడిగే దిక్కు ఉండదు. ‘పాత కార్డు ముందు పంపితే తగ్గింపు’ అన్న ఆశ చూపినా, కొత్త కార్డు మీద డిస్కులన్నీ కనిపించి డేటా సరిగా చదవగలిగేంత వరకు పాతదాన్ని చేయి దాటనివ్వకండి.

మేము చివరకు సర్వర్ తయారీదారు అధీకృత పంపిణీదారు వద్ద ఎక్కువ ధర పెట్టి మరో కార్డు తీసుకున్నాము. అది 8 లేన్లతో కలిసింది, స్టిక్కరు నంబరు, ఫర్మ్‌వేర్ నంబరు ఒకటే చూపింది, డిస్కుల అమరిక ఇంపోర్ట్ ద్వారా యథాతథంగా తిరిగి వచ్చింది. మొదటి విక్రేతపై ఫిర్యాదు చెల్లింపు సంస్థ వద్ద ఇంకా పరిశీలనలో ఉంది.