పొద్దున సలహా, రాత్రి మాంత్రికుడు: ఏడాది చదువుపై రివ్యూ

ఆరోగ్యం, అలవాట్ల పుస్తకాలనూ ఫాంటసీ నవలలనూ జోడెడ్లలా కట్టి ఏడాది నడపాలంటే ఒక సంగతి ముందే తెలియాలి. ఈ రెండూ ఒకే నడక నడవవు. సలహాల పుస్తకాన్ని ఏకబిగిన లాగిస్తే నాలుగో రోజుకు ఒక్క ముక్క గుర్తుండదు. నవలను రోజుకు నాలుగు పేజీలు కొరికితే ఎవరు ఎవరికేమవుతారో తెలియక మూలపడుతుంది. అందుకే మొదటిది పొద్దున పావుగంట, చేతిలో పెన్సిల్‌తో. రెండోది రాత్రి, ఫోన్ వేరే గదిలో పెట్టి, కనీసం ఒక అధ్యాయం.

సలహాల పుస్తకాల్లో ఎక్కువ పనికొచ్చేది నిద్ర గురించి మాథ్యూ వాకర్ రాసిన ‘వై వుయ్ స్లీప్’ (2017). ఒంట్లోకి పోయిన కెఫీన్‌లో సగం అరగడానికి 5 నుంచి 7 గంటలు పడుతుందంటాడు. అంటే సాయంత్రం ఆరింటి చాయ్‌లో సగం రాత్రి పదకొండుకు కూడా రక్తంలో తిరుగుతూనే ఉంటుంది. ఆఖరి చాయ్‌ని మధ్యాహ్నానికి జరిపి రెండు వారాలు చూడాలి. ఇక నిద్రగది 18 డిగ్రీలుండాలన్న చోట మనవాళ్లు పుస్తకం మూసేస్తారు. మే నెలలో నల్లగొండ మిద్దె రాత్రి పదింటికీ సెగ కక్కుతుంటే 18 ఎక్కడి నుంచి తెస్తాం? అంకెను వదిలి కారణాన్ని పట్టుకోవాలి. నిద్ర పట్టాలంటే ఒంటి లోపలి వేడి సుమారు ఒక డిగ్రీ దిగాలి. ఆ వేడి ఎక్కువగా అరచేతులు, పాదాలు, ముఖం నుంచి బయటికి పోతుంది. పొద్దుగూకగానే మిద్దె మీద నీళ్లు చల్లడం, పడుకునే ముందు స్నానం, పాదాలకు దుప్పటి కప్పకపోవడం అందుకే పనిచేస్తాయి. పుస్తకంలోని కొన్ని లెక్కలపై గట్టి విమర్శలొచ్చాయి, కాబట్టి భయపెట్టే అంకెలను నెత్తికెక్కించుకోవద్దు. నిద్ర పట్టనివాళ్లు దీన్ని రాత్రిపూట అసలే చదవొద్దు. ఆ బెంగే ఉన్న కాస్త నిద్రనూ తరిమేస్తుంది.

జేమ్స్ క్లియర్ ‘అటామిక్ హ్యాబిట్స్’ (2018)లో దాచుకోవాల్సింది రెండు నిమిషాల సూత్రం: కొత్త అలవాటు రెండు నిమిషాల్లో అయిపోయేంత చిన్నగా మొదలవ్వాలి. ‘రోజూ గంట నడక’ అని పెట్టుకోకుండా ‘చెప్పులేసుకుని గేటు దాటడం’ అని పెట్టుకోవాలి. చాలామంది ఒకేసారి అయిదు అలవాట్లు నెత్తికెత్తుకుంటారు, అయిదూ జారిపోతాయి. రోజుకు ఒక శాతం మెరుగైతే ఏడాదికి 37 రెట్లన్నది చక్రవడ్డీ లెక్క. కాగితం మీద సరిపోతుంది, మనిషి విషయంలో నమ్మలేం.

‘ఇకిగాయ్’ పుస్తకం పలచన. జపాన్‌లోని ఒకినావాలో ఒగిమి ఊరి ముసలివాళ్ల ముచ్చట్లు బాగుంటాయి. కడుపు 80 శాతం నిండగానే లేవాలన్న మాట మంచిది, అయిదు జొన్నరొట్టెలు తినేవాళ్లు నాలుగుతో చెయ్యి కడగడమన్నమాట. మిగతాది గంటలో తిరగేయొచ్చు.

ఫాంటసీలో టోల్కీన్ ‘ది హాబిట్’ (1937)కు 19 అధ్యాయాలు, రాత్రికొకటి చొప్పున మూడు వారాల్లోపే అయిపోతుంది. చిక్కంతా మొదటి అధ్యాయంలోనే. పదముగ్గురు మరుగుజ్జులు వరసగా దిగుతారు. థోరిన్, బాలిన్, లావుపాటి బాంబర్ గుర్తుంటే చాలు.

ఉర్సులా లె గ్విన్ ‘ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ’ (1968) వీటన్నిటికన్నా పైమెట్టు. పది అధ్యాయాలే. ఇందులో మంత్రమంటే దేని అసలు పేరు అది తెలియడం. గెడ్ అనే కుర్రాడు పంతానికి పోయి ఒక నీడను లోకంలోకి వదులుతాడు. అది వెంటపడితే దీవి నుంచి దీవికి పారిపోతాడు. చివరికి గురువు ఓగియన్, వెనక్కి తిరిగి నువ్వే దాన్ని తరమమంటాడు. భయం గురించి పై పుస్తకాలేవీ ఇంత లోతుకు దిగలేదు. మొదట్లో ఉన్న మ్యాప్‌ను జిరాక్స్ తీసి పేజీల మధ్య గుర్తుగా పెట్టుకుంటే ఏ దీవి ఎటుందో తికమకపడరు.

తెలుగులోనే మొదలుపెట్టేవాళ్లకు దాసరి సుబ్రహ్మణ్యం చందమామ సీరియళ్లున్నాయి. ‘తోకచుక్క’తో ఎత్తుకోవచ్చు. నెలనెలా వచ్చినవి కాబట్టి ప్రతి భాగం ఒక గండం దగ్గర ఆగుతుంది. రాత్రికి రెండు భాగాలు మించితే ఆ ఉత్కంఠ అరిగిపోతుంది.

కొనేటప్పుడు నకిలీ కాపీలతో జాగ్రత్త. పుస్తకాన్ని మామూలుగా 16 పేజీల ఫారాలుగా మడుస్తారు, అందుకే పోతే ఒక్కసారే 16 పోతాయి. పేజీ అంకెలు వరసగా ఉన్నాయో లేదో చూడాలి. మ్యాప్‌లో పేర్లు అలుక్కుపోతే తిరిగి ఇచ్చేయాలి. జిగురు బైండింగ్ ఉన్న లావు నవలను ఎండలో నిలిపిన కారులో వదిలితే జిగురు మెత్తబడి నడుమ చీలుతుంది. నల్లగొండ నుంచి హైదరాబాద్ బస్సులో చదివేవాళ్లు నార్కట్‌పల్లి దాటి హైవే ఎక్కాక పుస్తకం తెరిస్తే కుదుపు తక్కువ, ఎల్బీనగర్‌లోపు ఎర్త్‌సీ రెండు అధ్యాయాలు సాగుతాయి.