హంపి ఒక్కరోజు ప్యాకేజీ: ప్రవేశ రుసుముల పేరిట వసూళ్లు, కొనేవారికి హెచ్చరిక

హైదరాబాదు, కర్నూలు, అనంతపురం వైపుల నుంచి కుటుంబాలతో హంపికి బయలుదేరేవారు, హోస్పేటలో "కారు, తెలుగు గైడు, అన్ని టికెట్లూ కలిపి" అంటూ అమ్మే ఒక్కరోజు ప్యాకేజీల విషయంలో జాగ్రత్తగా ఉండవలసిందిగా మనవి. ఇటీవల ఒక శుక్రవారం నాటికి మేము అటువంటి ప్యాకేజీని ముందుగా డబ్బు కట్టి తీసుకున్నాము. ఉదయం కారు ఎక్కిన తరువాత, ప్రవేశ రుసుములు అందులో లేవని చెప్పి, విరూపాక్షాలయం, కృష్ణాలయం, లక్ష్మీనరసింహ విగ్రహం, విఠలాలయం, కమల మహల్, కమలాపురం మ్యూజియం అని ఆరు పేర్లు చదివి, ఒక్కొక్కదానికి విడివిడిగా, పిల్లలకు సహితం, వసూలు చేశారు.

అసలు సంగతి ఏమిటంటే, విరూపాక్షాలయం నేటికీ నిత్యపూజలు జరిగే గుడి, దానికి పురావస్తు శాఖ టికెట్టు లేదు. కృష్ణాలయానికీ, 1528లో శ్రీకృష్ణదేవరాయలు చెక్కించిన నరసింహ విగ్రహానికీ కూడా లేదు. విఠలాలయానికీ, కమల మహల్ ఉన్న జనానా (రాణివాసపు) ఆవరణకూ, మ్యూజియానికీ కలిపి పురావస్తు శాఖ ఇచ్చే ఒకే టికెట్టు ఆ రోజంతా చెల్లుతుంది. మేము వెళ్ళినప్పుడు దాని ధర భారతీయులకు 40 రూపాయలు, 15 ఏళ్ల లోపు పిల్లలకు ఉచితం. పైగా ఆ మ్యూజియానికి శుక్రవారం సెలవు. మూసి ఉన్న మ్యూజియానికి కూడా రుసుము తీసుకున్నారంటే వారి ధైర్యాన్ని మెచ్చుకోవలసిందే.

గైడు సంగతి ఇంకొక తీరు. తెలుగు బాగానే మాట్లాడాడు గాని, గుర్తింపు కార్డు చూపమంటే ఇంట్లో ఉందన్నాడు. అనేక రాతి దిమ్మెలను అతికి కట్టిన విఠలాలయపు రాతి రథాన్ని ఏకశిల అని చెప్పాడు. తాకరాదని పురావస్తు శాఖ నిషేధించిన సంగీత స్తంభాలను, విడిగా కొంత ఇస్తే తట్టి వినిపిస్తానన్నాడు. మేము ఒప్పుకోలేదు. మనవారు తప్పక ఆగి చూడవలసిన కృష్ణాలయాన్ని మాత్రం కారులోంచే చూపించాడు. మన నెల్లూరు జిల్లాలోని ఉదయగిరి దుర్గాన్ని ఒడిశా గజపతి రాజుల నుంచి గెలుచుకున్న రాయలు, అక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని తెచ్చి 1515లో ప్రతిష్ఠించిన గుడి అది. అక్కడ మిగిల్చిన సమయమంతా బట్టల దుకాణంలోనూ, బొమ్మల దుకాణంలోనూ గడిచిపోయింది. ఎత్తైన రాతి వేదిక అయిన మహానవమి దిబ్బ చేరేసరికి చీకటి పడుతోంది.

సాయంత్రం రసీదు అడిగితే, సంస్థ పేరైనా లేని తెల్లకాగితం మీద మొత్తం రాసి ఇచ్చారు. వాపసు మాట ఎత్తగానే, ప్యాకేజీ అమ్మినది వేరే ఏజెంటని ఒకరూ, కారువాడిదే బాధ్యతని ఇంకొకరూ తప్పించుకున్నారు.

కనుక ప్యాకేజీ తీసుకోదలచినవారు, అందులో ఏమేమి కలిసి ఉన్నాయో డబ్బు ఇవ్వకముందే రాతపూర్వకంగా తీసుకోవాలి. పురావస్తు శాఖ టికెట్టును కౌంటరులో గాని ఆన్‌లైనులో గాని స్వయంగా కొనుక్కొని, రోజంతా దగ్గర ఉంచుకోవాలి. విఠలాలయానికి దాదాపు కిలోమీటరు ముందే కార్లు ఆపివేస్తారు. అక్కడి నుంచి నడిపే బ్యాటరీ బండికి చార్జీ వేరు, అది న్యాయమైన ఖర్చే. గైడు కావాలంటే పర్యాటక శాఖ గుర్తింపు కార్డు చూసిన తరువాతే మాట్లాడుకోవాలి. మ్యూజియం చూడాలనుకునేవారు శుక్రవారం కాకుండా వేరే రోజు పెట్టుకోవాలి.