చెకుముకి రాయి చెక్కే స్టార్టర్ కిట్: మూడేళ్లు వాడాక

మాది నంద్యాల వైపు. చిన్నప్పుడు చీకటి పడ్డాక రెండు పలుగురాళ్లు రాపాడించి నిప్పురవ్వలు చూడటం, ఆ మాడు వాసన పీల్చడం మా వీధి పిల్లలందరికీ అలవాటు. ఉద్యోగం కోసం టెక్సస్‌లోని జార్జ్‌టౌన్ దగ్గరికి వచ్చాక, రోడ్డు కోసం తవ్విన గట్టులో సున్నపురాయి మధ్య బూడిదరంగు చెకుముకి గడ్డలు చూశాను. ఇక్కడికి దగ్గర్లోని గాల్ట్ అనే చోట 16,000 ఏళ్లకు పైబడిన రాతి పనిముట్లు దొరికాయని తెలిశాక ఆగలేకపోయాను. రాయిని పెచ్చులుగా చెక్కి బాణపు ములుకులు చేసే కిట్ ఒకటి 85 డాలర్లు పెట్టి ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాను.

అందులో వచ్చినవి ఇవి: దెబ్బ వేయడానికి రాగి తొడుగున్న బాపర్, ఒత్తి పెచ్చు లేపడానికి రాగి మొన ఉన్న ఫ్లేకర్, తోలు ముక్క, కళ్లద్దాలు, రెండు కిలోల రాయి, అడుగున కాగితంలో చుట్టిన చిన్న సానరాయి. ఆ సానరాయిని నెల రోజులు బయటికే తీయలేదు. కిట్ మొత్తంలో విలువైన వస్తువు అదే.

ఆ నెలంతా నా దెబ్బకు రాయి అంచు నుజ్జయ్యేది తప్ప పెచ్చు లేచేది కాదు. బలం చాలలేదనుకుని ఇంకా గట్టిగా కొడితే రాయి రెండు ముక్కలయ్యేది. కిట్‌తో వచ్చిన రాయంతా అలాగే అయిపోయింది. తర్వాత ఊరవతల రాళ్లు చెక్కేవాళ్లు కలుసుకునే చోటికి వెళ్లాను. ఒక పెద్దాయన నా చేతిలోని రాయి తీసుకుని, అంచును సానరాయి మీద చాలాసేపు అరగదీసి, ఒకే ఒక్క దెబ్బ వేశారు. అరచేయంత పెచ్చు పలచగా, ఖంగుమని ఊడి వచ్చింది. ఆయన కొట్టిన సమయం కన్నా రుద్దిన సమయమే ఎక్కువ.

పదునైన అంచుకు దెబ్బను తట్టుకునే సత్తా ఉండదు. దాన్ని మొద్దుగా అరగదీస్తేనే బలం లోపలికి పాకుతుంది. ఆ అంచు కోణం 90 డిగ్రీల కన్నా తక్కువ ఉండాలి, దెబ్బ పడే చోటు రాయి మందానికి మధ్యగీత కన్నా కిందికి ఉండాలి. పెచ్చు ఎటు పాకాలో రాయి మీదున్న గట్టు చెబుతుంది, గట్టు లేని చోట అది సగంలోనే మెట్టులా విరిగి ఆగిపోతుంది. ఈ నాలుగు మాటలు నా చేతికి ఎక్కడానికి ఏడాది పట్టింది.

మిగతా సామాన్ల సంగతి. బాపర్ లోపల సీసం నింపి ఉంది. ముఖం సొట్టలు పడి చదునైంది కానీ ఇప్పటికీ పనిచేస్తోంది. అది పట్టుకున్నాక చేతులు కడుక్కోకుండా ఏమీ తినకండి. ఫ్లేకర్ మొన మెత్తబడితే సుత్తితో చల్లగానే కొట్టి సాగదీస్తాను, రాగి మళ్లీ గట్టిపడుతుంది. తోలు ముక్క మాత్రం దండగ. రెండో వారంలోనే ఒక పెచ్చు దాన్ని చీల్చుకుని నా అరచేతిలో దిగింది. ఇప్పుడు మందపాటి రబ్బరు ముక్కకు మధ్యలో గాడి కోసి వాడుతున్నాను. గాడిలో ఖాళీ ఉంటే పెచ్చు విరగకుండా పొడుగ్గా వస్తుంది, చేయీ భద్రం.

ఫ్లేకర్ పొట్టిది కాబట్టి మణికట్టు నొప్పి పుట్టేది. ఆరు నెలల తర్వాత ఇషి స్టిక్‌కి మారాను, పొడుగు పిడి ముంజేతి కింద ఆనించి ఒంటి బరువుతో ఒత్తవచ్చు. 1911లో కాలిఫోర్నియాలోని ఓరోవిల్‌లో కనిపించిన యాహీ జాతి ఆఖరి మనిషి ఇషి పేరే దానికి పెట్టారు. 1916లో పోయేదాకా ఆయన శాన్‌ఫ్రాన్సిస్కో మ్యూజియంలో బాణపు ములుకులు చెక్కి చూపేవారు. సీసా గాజుతోనూ అద్భుతంగా చేశారు. కొత్తవాళ్లకు నేనూ అదే చెబుతాను: మంచి రాయి కొనకముందు పాత సీసాల అడుగులతో ఒత్తడం నేర్చుకోండి. గాజులో లోపల పగుళ్లు తక్కువ, తప్పు ఎవరిదో వెంటనే తెలుస్తుంది.

ఇక నాకు నిజంగా కోపం తెప్పించిన సంగతి. కిట్‌లో మాస్క్ లేదు. సూచనల కాగితంలో దుమ్ము గురించి ఒక్క ముక్క కూడా లేదు. చెకుముకి అంటే దాదాపు అంతా సిలికా, అంటే ఇసుకలో ఉండే పదార్థమే. ఆ సన్నటి దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే వచ్చే సిలికోసిస్‌కు నయం చేసే మందు లేదు. మధ్యప్రదేశ్‌లోని మంద్‌సౌర్‌లో మనం బడిలో రాసుకున్న బలపాలు కోసిన కార్మికులు ఎందరో ఆ జబ్బుతోనే చనిపోయారు. నేను మొదటి మూడు నెలలు గ్యారేజ్‌లో తలుపు వేసుకుని చెక్కాను, తలుచుకుంటే ఇప్పటికీ టెన్షన్‌గా ఉంటుంది. ఇప్పుడు ఆరుబయట, గాలికి పక్కగా కూర్చుని, సన్నటి దుమ్మును కూడా ఆపే పీ100 మాస్క్ పెట్టుకుంటాను. ఎక్కువ దుమ్ము లేచేది సాన పట్టేటప్పుడే. ఆ బట్టలు విడిగా ఉతుకుతాను, పిల్లల్ని దగ్గరికి రానివ్వను.

పోయిన సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు మా వైపే ఉన్న జ్వాలాపురం చూసి వచ్చాను. 74,000 ఏళ్ల కిందట సుమత్రాలోని తోబా అగ్నిపర్వతం చిమ్మిన బూడిద అక్కడి మట్టిలో పొరగా ఉంది. దాని కిందా, పైనా రాతి పనిముట్లు దొరికాయి. అక్కడే ఇంకో చోట 35,000 ఏళ్ల నాటి గోరంత పనిముట్లు బయటపడ్డాయి. ములుకు చెక్కడం రాక ముందు అయితే వాటిని రాతిముక్కలనే అనుకునేవాణ్ణి. ఇప్పుడు గోరంత అంచు మీద ఒత్తిడి నిలపడం ఎంత కష్టమో నా వేళ్లకు తెలుసు. అక్కడి నుంచి ఒక్క రాయి కూడా తీసుకోలేదు, తీసుకోకూడదు. టెక్సస్‌లో కూడా రాయి కిలోల లెక్కన కొనుక్కుంటాను, లేదా పొలం యజమానిని అడిగి ఏరుకుంటాను.

మళ్లీ మొదలుపెట్టాల్సి వస్తే ఈ కిట్ కొనను. సానరాయి, మాస్క్, మంచి కళ్లద్దాలు, రాగి మొన విడివిడిగా కొని, మిగిలిన డబ్బంతా రాయి మీద పెడతాను.

చెక్కేటప్పుడు కింద పరిచే పట్టా మీద రాలిన పెచ్చుల్ని బకెట్‌కు ఎత్తి పెరట్లో ఒకే గుంటలో పోస్తున్నాను. వేల ఏళ్ల నాటి పెచ్చులనుకుని రేపెవరూ పొరబడకుండా, ప్రతి బకెట్ కిందా ఆ ఏడాది నాణెం ఒకటి వేస్తున్నాను.