ఆబ్రీ–మాటురిన్ నవలల ‘20 పుస్తకాల ఫుల్ సెట్’ ఆన్‌లైన్‌లో కొనేవాళ్లకు హెచ్చరిక

పాట్రిక్ ఓబ్రియన్ రాసిన ఓడల నవలలు, అదే ఆబ్రీ–మాటురిన్ సిరీస్, మొత్తం సెట్ కారుచౌకగా ఇస్తామని ఆన్‌లైన్‌లో ఒక ప్రకటన తిరుగుతోంది. ‘20 పుస్తకాలు, కొత్తవి, ఒరిజినల్’ అని ఉంటుంది. తెప్పించుకున్నాను. వచ్చినవి ఒరిజినల్ కావు, 20 నవలలూ కావు.

ముందు లెక్క సంగతి. డబ్బాలో పుస్తకాలు ఇరవయ్యే ఉంటాయి కాబట్టి పైకి ఏమీ తెలియదు. సిరీస్‌లో 15వ నవల ఇంగ్లండ్‌లో ‘క్లారిస్సా ఓక్స్’ పేరుతో, అమెరికాలో ‘ది ట్రూలవ్’ పేరుతో వచ్చింది. కథ ఒకటే. అమ్మిన మహానుభావుడు రెండూ పెట్టి రెండుగా లెక్కేశాడు, 14వది ‘ది నట్‌మెగ్ ఆఫ్ కన్సొలేషన్’ ఎగ్గొట్టాడు. ఎగ్గొట్టడానికి అంతకంటే దారుణమైన పుస్తకం దొరకదు. 13వ భాగం చివర ఓడ దిబ్బకెక్కి, తుఫానుకు ముక్కలై, కెప్టెన్ జాక్ ఆబ్రీ, డాక్టర్ మాటురిన్, సిబ్బందీ అంతా ఒక దీవిలో చిక్కుకుపోతారు. ఆ టెన్షన్‌తో తర్వాతి పుస్తకం తెరిస్తే అందరూ నిక్షేపంగా ఆస్ట్రేలియా నుంచి బయల్దేరుతున్నారు! (ఇంకా చదవనివాళ్లు క్షమించాలి, ఇంతకుమించి కథ చెప్పను.)

కొన్ని సెట్లలో ‘ది గోల్డెన్ ఓషన్’ కూడా కలుపుతున్నారు. అదీ ఓబ్రియన్‌దే, మంచి నవలే, కానీ 1956 నాటిది. ఈ సిరీస్ మొదలైందే 1969లో.

ఇక ప్రింటు. ఎవరో స్కాన్ చేసి, కంప్యూటర్ చదివింది చదివినట్టే అచ్చేసిన సరుకు ఇది. ఓడ వెనక భాగాన్ని ‘స్టెర్న్’ అంటారు. ఇందులో చాలాచోట్ల అది ‘స్టెమ్’ అయిపోయింది, అంటే ఓడ ముందు కొస! శత్రువు వెనక నుంచి తరుముతున్నాడో ఎదురుగా వస్తున్నాడో తెలియక జుట్టు పీక్కోవాలి. మొదటి పేజీల్లో ఉండే తెరచాపల బొమ్మయితే నల్లటి మరక. ఏ చాప ఎక్కడుందో చూసుకోవడానికి కొత్త పాఠకులు మాటిమాటికీ వెనక్కి తిప్పేది ఆ పేజీనే.

మూడో నవల ‘హెచ్.ఎమ్.ఎస్. సర్ప్రైజ్’లో 288వ పేజీ తర్వాత నేరుగా 321 వచ్చింది. ఒక ఫారం, అంటే కలిపి మడిచి కుట్టే పేజీల కట్ట, మొత్తం మాయం. పోయింది కూడా ఫ్రెంచి అడ్మిరల్ లినోయితో పోరు దగ్గర. ఈ లినోయి కల్పిత పాత్ర కాదు. 1804 సెప్టెంబర్ 15న మన విశాఖపట్నం ముందుకొచ్చి, అక్కడున్న బ్రిటిష్ నౌక సెంచూరియన్‌తో తలపడి, ఒక వర్తక నౌకను పట్టుకుపోయిన మనిషే. నవలలో విశాఖ పోరు లేదు గానీ, ఆయన కోసమే నేను సిరీస్ మొదలుపెట్టాను. ఆ పేజీలే లేవు.

అమ్మినవాడిని అడిగితే ‘పబ్లిషర్ ప్రింటింగే అంత సార్, సీల్ తీశాక రిటర్న్ కుదరదు’ అన్నాడు. ఫొటోలు పంపితే తర్వాతి ఆర్డర్‌కి కూపన్ ఇస్తానన్నాడు. ఇంకో ఆర్డరా! జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాను, డబ్బు ఇంకా రాలేదు.

కొనాలనుకుంటే డబ్బు కట్టే ముందే 20 పేర్లూ రాసి పంపమనండి, 14, 15 చూసుకోండి. ప్రచురణ వివరాల పేజీ ఫొటో అడగండి. ఇంగ్లండ్ ప్రతులు హార్పర్‌కాలిన్స్‌వి, అమెరికా ప్రతులు నార్టన్‌వి. ఫొటో ఇవ్వడానికి నసిగితే వదిలేయండి. పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీసి, సీల్ తీసే ముందు పేర్లు సరిచూసుకోండి. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద వెతకొచ్చు. సెట్ దొరక్కపోవచ్చు, కానీ పేజీలు తిప్పి చూసి కొనుక్కుంటారు. నాకు 14వది కావాలి, ఎవరిదగ్గరైనా పాతదుంటే చెప్పండి.