రెన్యువల్ తేలేదాకా ఏది మేలు: రసీదా, బండి ఆపడమా, తాత్కాలిక పర్మిటా?

ఐదేళ్ల పర్మిట్ గడువు ముగిసి, రెన్యువల్ దరఖాస్తు ఇంకా రవాణా శాఖ పరిశీలనలోనే ఉన్నప్పుడు, హనుమకొండ, పరకాల, ములుగు వైపు మ్యాక్సీ క్యాబ్‌లు, తుఫాన్ బండ్లు నడుపుకునేవారి ముందు మూడు దారులుంటాయి. దరఖాస్తు రసీదు చూపుతూ నడపవచ్చు, తేలేదాకా బండిని ఇంటి ముందు నిలపవచ్చు, లేదా తాత్కాలిక పర్మిట్ తీసుకోవచ్చు.

ఎక్కువమంది పట్టేది మొదటి దారినే. నాలుగు మడతలు పెట్టిన రసీదు ప్లాస్టిక్ కవరులో, డ్యాష్‌బోర్డు మీది సమ్మక్క సారలమ్మల పటం వెనుక ఉంటుంది. తనిఖీలో ఆపితే దాన్ని తీసి చూపితే చాలునని ధీమా. అయితే ఆ కాగితం దరఖాస్తు పెట్టుకున్నామనడానికి రుజువే తప్ప బండి నడపడానికి అనుమతి కాదు. పర్మిట్ లేకుండా రవాణా వాహనం నడిపితే మోటారు వాహనాల చట్టం 192ఎ సెక్షన్ కింద మొదటిసారికే 10,000 రూపాయల జరిమానాతో పాటు ఆరు నెలల వరకు జైలు కూడా పడవచ్చు. 207వ సెక్షన్ కింద బండిని పట్టుకుపోవచ్చు. అంతకన్నా భయపడవలసింది బీమా గురించి. పర్మిట్ లేకుండా నడపడం బీమా షరతుల మౌలిక ఉల్లంఘన అని సుప్రీంకోర్టు 2018లో తేల్చింది. బాధితులకు బీమా సంస్థ ముందు చెల్లించినా, ఆ సొమ్మును యజమాని దగ్గర రాబట్టుకోవచ్చు. ఒక్క ప్రమాదంతో బండి, పొలం రెండూ పోవచ్చు.

బండి ఆపడంలో ఈ ప్రమాదం లేదు కాని ఫైనాన్స్ కిస్తీ ఆగదు. త్రైమాసిక పన్ను కట్టే బండి అయితే, దాన్ని నిలిపివేస్తున్నట్టు ముందే రాతపూర్వకంగా తెలియజేయకపోతే కదలని బండికి కూడా పన్ను పడుతుంది.

తాత్కాలిక పర్మిట్ కోసం 87వ సెక్షన్ ఉంది. రెన్యువల్ దరఖాస్తుపై నిర్ణయం వెలువడేలోగా, మామూలు పర్మిట్‌కు జరిపే తతంగమంతా లేకుండానే, గరిష్ఠంగా నాలుగు నెలలకు దీన్ని ఇవ్వవచ్చు. చాలామందికి తెలియని వెసులుబాటు 81వ సెక్షన్‌లో ఉంది: రెన్యువల్ మంజూరైతే అది పాత గడువు ముగిసిన తేదీ నుంచే అమల్లోకి వస్తుంది, తాత్కాలిక పర్మిట్‌కు కట్టిన ఫీజును తిరిగి ఇవ్వాలి. మా బావ మాత్రం రెన్యువల్ చేతికి రాగానే ఆ ఫీజు రసీదును పనికిరాని కాగితమని చించేశారు. డబ్బు కట్టించిన ఏజెంటు వాపసు మాటే ఎత్తలేదు.

దీనికీ హద్దులున్నాయి. ఒక రెన్యువల్ దరఖాస్తు పెండింగులో ఉన్నంతకాలం అదే రూటుకు లేదా ప్రాంతానికి ఈ పర్మిట్ ఒక్కసారే ఇస్తారు కనుక, నాలుగు నెలల్లో ఫైలు కదలకపోతే బండి మళ్లీ మొదటికే వస్తుంది. కొత్త పర్మిట్‌కు దరఖాస్తు చేసినవారికైతే ఆ రూటులో ఇది అసలు దొరకదు, వారు ఆగవలసిందే. మేడారం జాతర వంటి సందర్భాలకిచ్చే తాత్కాలిక పర్మిట్ కూడా ఇదే సెక్షన్ కిందిదైనా, అది ఆ రాకపోకలకే పరిమితం. జాతర కాగితంతో మర్నాడు పెళ్లి కిరాయికి పోతే, పర్మిట్ లేని బండి కిందే లెక్క.

నా మటుకు రెన్యువల్ వారికి తాత్కాలిక పర్మిటే మేలు. అయితే గడువుకు కనీసం 15 రోజుల ముందే దరఖాస్తు పెట్టి ఉండాలి. ఆలస్యమైతే తగిన కారణం చూపి అధికారిని ఒప్పించవలసి వస్తుంది. ఫిట్‌నెస్ గాని బీమా గాని అప్పటికే తీరిపోయి ఉంటే మాత్రం ముందు బండి ఆపి అవి సరిచేసుకోవడమే నయం, ఎందుకంటే తాత్కాలిక పర్మిట్ ఆ రెండింటి లోటునూ పూడ్చదు.