బూస్ట్ గేజ్: కుడివైపు కోసం కొన్నా, పనికొచ్చింది ఎడమవైపు

నా పాత టర్బో పెట్రోల్ కారుకు బూస్ట్ గేజ్ పెట్టించి చాన్నాళ్లయింది. సున్నాకు కుడివైపు బూస్ట్, అంటే టర్బో ఇంజిన్‌లోకి గాలిని తోసే ఒత్తిడి చూపిస్తుంది. లైటు, రంగు, బిగింపు సంగతి వదిలేస్తున్నా. నాకు నచ్చింది సున్నాకు ఎడమవైపు, అంటే వాక్యూమ్ (ఇంజిన్ గాలి పీల్చే బలం) చూపించే భాగం.

చిత్తూరు-బెంగళూరు దారిలోని మొగిలి ఘాట్‌లో లోడు లారీలను దాటాలంటే బండి ఈడ్చేది. "వేస్ట్‌గేట్ రాడ్డు రెండు చుట్లు బిగిద్దాం అన్నా" అన్నాడు మెకానిక్. వేస్ట్‌గేట్ అంటే బూస్ట్ మితిమీరకుండా పొగను టర్బైన్ (పొగ తోపుకు తిరిగే టర్బో చక్రం) పక్కనుంచి వదిలేసే ఫ్లాపు, దాన్ని కదిపేది ఆ రాడ్డు. రాడ్డు పొట్టి అయితే ఫ్లాపు ఆలస్యంగా తెరుచుకుంటుంది, పొగంతా ఇంకాసేపు టర్బైన్ మీదుగానే పోతుంది, బూస్ట్ పెరుగుతుంది. పెరిగింది కూడా, 8 పీఎస్ఐ దగ్గర ఆగే సూది 10 దాకా పోయింది. కానీ ఐడిల్‌లో (బండి కదలకుండా ఇంజిన్ నడుస్తున్నప్పుడు) పాదరసం లెక్కలో 19 అంగుళాలుండే వాక్యూమ్ 14కి పడిపోయింది. సిగ్నల్లో ఆగితే స్టీరింగ్ దాకా వణుకు.

షెడ్డులో అందరూ రాడ్డునే అన్నారు. నాకు లెక్క కుదరలేదు. ఐడిల్‌లో థ్రాటిల్ (గాలి లోపలికొచ్చే తలుపు) దాదాపు మూసే ఉంటుంది, టర్బో బూస్ట్ ఇవ్వదు, వేస్ట్‌గేట్ ఎలాగూ తెరుచుకోదు. రాడ్డు బిగిస్తే అక్కడ మారేదేముంది? పట్టుబట్టి పాత కొలతకు తిప్పించా. బూస్ట్ దిగింది, వాక్యూమ్ 14 దగ్గరే ఉంది. ఎక్కడో గాలి లీకవుతోందేమోనని ఇక గొట్టాల మీద పడ్డాం. ఇంజిన్ నడుస్తుండగా మెకానిక్ కార్బ్ క్లీనర్ (మంటంటుకునే స్ప్రే, లీకులోంచి లోపలికి పోతే ఇంజిన్ చప్పుడు మారుతుంది) కొంచెం కొంచెం చల్లుతూ వచ్చాడు (ఎగ్జాస్ట్ వైపు చల్లితే మంటే). మేనిఫోల్డ్ (సిలిండర్లకు గాలి పంచే భాగం) వెనకాల వేలెడంత రబ్బరు గొట్టం దగ్గర ఇంజిన్ చప్పుడు మారింది. వంచి చూస్తే వెంట్రుకంత చీలిక. ఎండకూ వేడికీ బిరుసెక్కిన గొట్టం, రాడ్డు పనిలో చెయ్యి తగిలి విచ్చుకున్నట్టుంది. అది మార్చగానే సూది మళ్లీ 19కి.

అప్పట్లో కనపడినవాళ్లందరికీ కొనమని చెప్పా. ఇప్పుడు అంత గట్టిగా చెప్పను. వెయ్యి అడుగుల ఎత్తుకు వాక్యూమ్ దాదాపు ఒక అంగుళం తగ్గుతుంది, కాబట్టి తిరుమల పార్కింగులో సూది చూసి కొత్తవాళ్లకు టెన్షన్ తప్పదు. వేస్ట్‌గేట్‌ను ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) నడిపే కొత్త బళ్లలో రాడ్డు ముట్టుకుంటే బండి తనంతట తానే పవర్ తగ్గించుకునే లింప్ మోడ్‌లోకి పోవచ్చు. అలిపిరి నుంచి కొండకు తిరిగేవాళ్లకైతే బూస్ట్ ఎందుకో నాకర్థం కాదు, 28 నిమిషాల లోపు పైకి చేరకూడదు కదా!

నేను తరచూ చిత్తూరు మీదుగా బెంగళూరు వెళ్తాను, బండి పాతది, అందుకే నాకు గిట్టింది. రాడ్డు ఇప్పుడు ఒక్క చుట్టే బిగించి ఉంది. ఎండాకాలంలో నాకింగ్ (పెట్రోల్ వేళకు ముందే, అదుపు లేకుండా మండి ఇంజిన్ టకటకలాడటం) భయానికి అదీ వదులు చేయిస్తా.